అల్లవరం డాబాలకు మళ్ళీ మెరుగు

అమలాపురం నుంచి అల్లవరం మీదుగా ఓడలరేవు దాకా వెళ్తే కొబ్బరి తోటల నడుమ మూడు తరాల ఇళ్ళు పక్కపక్కనే కనిపిస్తాయి. వాలిన చూరుతో మండువా లోగిలి, దాని పక్కన గుండ్రటి పోర్టికోతో డాబా, ఆ పక్కన అద్దాల ముఖంతో కొత్త మేడ. మండువా ఇంటికి అభిమానులు చాలామందే ఉన్నారు. సినిమావాళ్ళు వచ్చి షూటింగులు చేసుకుంటారు, పత్రికలు బొమ్మలు వేస్తాయి. నడిమి తరం డాబాకు ఆ అదృష్టం పట్టలేదు. 1975-2000 మధ్య కట్టిన ఈ ఇళ్ళను పాతబడ్డాయని పడగొట్టేస్తున్నారు. వాటిలో చాలావాటిని నిలబెట్టుకోవచ్చు, అందంగానూ చేసుకోవచ్చు.

ఈ డాబాల వెనక కొబ్బరి డబ్బుంది, వరి డబ్బుంది, గల్ఫ్ దేశాల్లో కోనసీమ ఆడవాళ్ళు పడిన కష్టం ఉంది. ఏళ్ళ తరబడి కువైట్‌లో ఇతరుల ఇళ్ళలో పనిచేసి పంపిన డబ్బుతో పడిన స్లాబులు ఈ ఊళ్ళలో ఎన్నో ఉన్నాయి. తుపానుల భయం ఇంకో కారణం. 1977 దివిసీమ ఉప్పెన తీరమంతటికీ పక్కా ఇంటి అవసరాన్ని చెప్పింది. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద విరుచుకుపడిన తుపాను ఆ పాఠాన్ని ఇంటింటికీ తెచ్చింది. వెయ్యిమందికి పైగా పోయారు, కొబ్బరి చెట్లు తోటలకు తోటలే కూలిపోయాయి. పెంకులూ తాటాకులూ ఎగిరిపోయే చోట స్లాబంటే ప్రాణానికి భరోసా. అప్పో సప్పో చేసి డాబా వేసుకోవాలన్న పట్టుదల అక్కణ్ణుంచి ఇంకా పెరిగింది.

భరోసా ఒక్కటే అయితే నాలుగు గోడలు, ఒక స్లాబు చాలు. మనవాళ్ళు అంతటితో ఆగలేదు. ఆనాటి తెలుగు సినిమా బంగళాలో మెలి తిరిగి దిగే మెట్లు చూసి అలాంటి మెట్లే కావాలన్నారు. కిటికీ గ్రిల్లులో కిరణాలు విచ్చుకున్న సూర్యుడు, పిట్టగోడకు సిమెంటు జాలీ, హాల్లో గోడ నిండా సన్‌మైకా అతికిన షోకేసు, అందులో దుబాయి గాజు బొమ్మలు. అన్నిటికన్నా మురిపెం నేలది.

మొజాయిక్ నేలను వంగి దగ్గరగా చూడండి. తెల్ల సిమెంటులో ఆకుపచ్చ, ఎరుపు, నలుపు పాలరాతి ముక్కలు ఎక్కడివక్కడ బిగిసి ఉంటాయి. గడికీ గడికీ మధ్య సన్నటి గాజు పట్టీ. గది నడుమ పద్మమో, గుమ్మం దగ్గర నక్షత్రమో ఉందంటే మేస్త్రి మోకాళ్ళ మీద కూర్చుని ముక్క ముక్కా పేర్చాడన్నమాట. దాన్ని రోజుల తరబడి నీళ్ళతో తడిపి, ముతక కార్బొరండం రాయితో మొదలుపెట్టి సన్న రాయి దాకా అరగదీసి, చివర ఆగ్జాలిక్ ఆమ్లంతో మెరుగు పెట్టేవారు. విట్రిఫైడ్ టైల్‌కు అచ్చులో పడిన ఒకే డిజైను ఉంటుంది, ఈ నేలకు మాత్రం జత దొరకదు.

ఈ పనికి మూలపురుషులు వెనిస్ మేస్త్రీలు. పాలరాయి చెక్కగా మిగిలిన ముక్కలతో వాళ్ళు వేసిన టెరాజో నేలే మన మొజాయిక్‌కు పూర్వరూపం. షోకేసుకూ ఇటలీతో పోలిక ఉంది. 1981లో అక్కడి మిలాన్‌లో ఎట్టోరె సొట్సాస్ నడిపిన మెంఫిస్ బృందం రంగురంగుల లామినేట్‌తో చేసిన బల్లలూ అల్మారాలూ ప్రదర్శించి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచింది. ఇప్పుడు మ్యూజియాల్లో ఉన్న ఆ సామాను దగ్గర అల్లవరం డాబాలోని సన్‌మైకా షోకేసును పెడితే చుట్టమేనని తెలిసిపోతుంది. నగరాల్లో ఇప్పుడు ఇంటీరియర్ డిజైనర్లు డబ్బు పోసి టెరాజో వేయిస్తున్నారు. మనం ఉన్నదాని మీద టైల్స్ అతికిస్తున్నాం.

ఈ డాబాలకు అసలు శత్రువు ఉప్పుగాలి. బంగాళాఖాతం పక్కన, వైనతేయ పాయ ఒడ్డున ఉన్న ఊళ్ళివి. గాలిలోని లవణం సిమెంటు రంధ్రాల గుండా లోపలికి దిగి చువ్వలను చేరుతుంది. చువ్వ తుప్పు పడితే ఉబ్బి రెండింతలకు పైగా చోటు అడుగుతుంది. ఆ ఒత్తిడికి కింది కాంక్రీటు పెచ్చులూడుతుంది. ఉప్పు నీళ్ళతో కలిపిన కాంక్రీటయితే చెప్పనే అక్కర్లేదు. తీరప్రాంత కాంక్రీటుకు ఎం-30 రకం ఉండాలని, చువ్వ మీద 45 మిల్లీమీటర్ల కాంక్రీటు పొర (కవర్) ఉండాలని ఐఎస్ 456 ప్రమాణం 2000లో చెప్పింది. అంతకుముందు వేసిన స్లాబుల్లో చాలావాటికి ఆ కవర్ అంగుళం కూడా లేదు.

అందుకే పని పైనుంచి మొదలుపెట్టాలి. ముందు డాబా మీద నీరు నిలవకుండా వాలు సరిచేసి వాటర్‌ప్రూఫింగ్ చేయించాలి. తర్వాత సుత్తితో స్లాబంతా తట్టి చూసి, డొల్ల చప్పుడు వచ్చిన చోటల్లా వదులు కాంక్రీటు తీసేసి, చువ్వల తుప్పు వైర్ బ్రష్‌తో గీకి, తుప్పు నిరోధక పూత వేసి, పాలిమర్ కలిపిన మోర్టారుతో పూడ్చాలి. బాగా తినేసిన చువ్వలుంటే కొత్తవి జోడించాలి. కింద ఫాల్స్ సీలింగ్ పెట్టి పెచ్చులను కప్పేయడం మాత్రం ఎవరూ చేయకూడదు. అది ప్రాణాలతో చెలగాటం.

ఇల్లు గట్టిపడ్డాక అలంకారం తేలిక. మొజాయిక్ పైపొరను మెషీన్‌తో అరగదీయించి, పగుళ్ళను అదే రంగు సిమెంటుతో నింపి మెరుగు పెట్టిస్తే నేల కొత్తదానిలా తేలుతుంది. గ్రిల్లుకు తుప్పు తీసి రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, ఆ పైన పాత ముదురాకుపచ్చ రంగే వేయండి. వంటగది, స్నానాలగది పూర్తిగా మార్చుకోండి, అక్కడ పాతకాలపు ఇరుకును భరించాల్సిన పనిలేదు. మెట్లు, పోర్టికో, షోకేసు జోలికి మాత్రం వెళ్ళకండి. ఆ ఇంటి సోకంతా వాటిలోనే ఉంది.

మీ అమ్మానాన్నలు కట్టిన డాబాకు బేరం మాట్లాడేముందు, కూల్చే కాంట్రాక్టరు కంటే ముందుగా ఒక స్ట్రక్చరల్ ఇంజినీరును పిలిచి స్లాబు చూపించండి. మొజాయిక్ వేసిన పాత మేస్త్రీలు మీ ఊళ్ళో ఇంకా ఉంటే, వాళ్ళను కూడా పిలవండి. ఆ పని చేతులతో తెలిసినవాళ్ళు రోజురోజుకీ తగ్గిపోతున్నారు.