గది అద్దె ఊళ్లో.. పన్ను ఖజానాలో
సభామందిరాలు, స్టేడియాల నిర్మాణానికి దక్కని హోటల్ ఆదాయం

మదనపల్లె: జీఎస్టీ నమోదున్న లాడ్జీలో రోజుకు రూ.1,500 అద్దెపై గది తీసుకుంటే బిల్లులో రూ.75 పన్ను పడుతుంది. అందులో సగం కేంద్రానికి, సగం రాష్ట్రానికి జమ అవుతుంది. ఆ హోటల్‌కు నీరిచ్చి, చెత్త ఎత్తే మునిసిపాలిటీకి మాత్రం ఆ బిల్లు నుంచి నేరుగా పైసా రాదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాల్లో ఇండోర్ స్టేడియమో, సభామందిరమో కట్టాలంటే రాష్ట్ర నిధుల వైపు చూడక తప్పని స్థితికి ఇదొక కారణం.

అమెరికాలో పద్ధతి వేరు. లాస్ వెగాస్‌లో స్టేడియం కోసం హోటల్ గదులపై పన్ను పెంచి 75 కోట్ల డాలర్లు సమకూర్చేందుకు నెవాడా చట్టసభ 2016లో అనుమతించింది. 2020లో స్టేడియం సిద్ధమైంది. ఊరివారిపై కాక వచ్చిపోయేవారిపై భారం వేయడం ఇందులోని కిటుకు. అయితే అదే ఏడాది కరోనాతో హోటళ్లు మూతపడగా, అప్పు వాయిదాలకు నిల్వ నిధిని కదిలించాల్సి వచ్చింది.

మన మునిసిపల్ కౌన్సిల్ అలా తీర్మానం చేయాలన్నా చట్టం ఒప్పుకోదు. హోటళ్లపై విలాస పన్నును లోగడ రాష్ట్రమే వసూలు చేసేది. 2017 జులై 1న అది జీఎస్టీలో కలిసిపోయింది. 101వ రాజ్యాంగ సవరణ రాష్ట్ర జాబితాలోని 62వ అంశం నుంచి విలాస పన్నును తొలగించి, వినోద పన్నును మాత్రం స్థానిక సంస్థలు విధించుకునేందుకు మిగిల్చింది. అందుకూ రాష్ట్ర చట్టం అండ కావాలి. కుప్పం సరిహద్దు దాటితే వచ్చే తమిళనాడు 2017లోనే అలాంటి చట్టం చేసుకుంది.

ఇక హోటళ్ల నుంచి మునిసిపాలిటీకి వచ్చేది ప్రధానంగా ఆస్తి పన్ను, వ్యాపార లైసెన్సు రుసుము. గదులు నిండినా, ఖాళీగా ఉన్నా ఆస్తి పన్ను మారదు. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం చిన్న పట్టణాలకు ఇచ్చిన నిధుల్లోనూ 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే ముడిపడ్డాయి.

పన్ను అధికారం వచ్చినా చిక్కులు తీరవు. మదనపల్లె మీదుగా వెళ్లే పర్యాటకులు బస చేసే హార్సిలీహిల్స్ మునిసిపల్ హద్దుల్లో లేదు. 2021లో తొలి మునిసిపల్ ఎన్నికలు చూసిన కుప్పానికి ద్రావిడ విశ్వవిద్యాలయం పనిమీద వచ్చేవారున్నా, ఆ రాకపోకలను నమ్ముకుని స్టేడియానికి అప్పు తేవడం సాహసమే. పుంగనూరు లాడ్జీల మాట చెప్పనక్కర్లేదు.

పట్టణాలకు మిగిలిన దారి రాజ్యాంగంలోని 243-వై అధికరణం. రాష్ట్రానికి వచ్చే పన్నుల్లో మునిసిపాలిటీలకు ఎంత వాటా ఇవ్వాలో రాష్ట్ర ఆర్థిక సంఘం దీని ప్రకారం సిఫారసు చేస్తుంది. గది బిల్లులో రాష్ట్రానికి వెళ్లిన రూ.37.50లో కొంతైనా ఊరికి తిరిగి రావాలంటే ఆ సిఫారసు, దాని అమలే ఆధారం.