లేజరుకు జ్వరం

బాలలూ! జ్వరంతో నీరసించిన పిల్లవాణ్ణి లేచి పరుగెత్తమని ఎవరైనా అంటారా? అనరు గదా! కాని నేనొకసారి ఒక లేజరుకు అలాంటి వైద్యమే చేయించాను.

2009లో నేను ప్రధానోపాధ్యాయుడుగా ఉన్న బడిలో వైజ్ఞానిక ప్రదర్శన జరిగింది. తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు దొంగను పట్టే గంట తయారుచేశాడు. గుమ్మానికి ఒక పక్క చిన్న ఎర్ర లేజరు, రెండో పక్క ఆ వెలుగును కనిపెట్టే పరికరం. వెలుగుకు అడ్డం వస్తే గంట మోగుతుంది. ఆ లేజరుకు సుమారు 2 వోల్టులు, 0.03 ఆంపియరు చాలు. వాడి దగ్గర ఉన్నదేమో 12 వోల్టుల బ్యాటరీ. మిగతా 10 వోల్టులను ఆపటానికి ఒక రెసిస్టరు పెట్టి, దానినీ లేజరునూ పక్కపక్కనే ప్లాస్టిక్ డబ్బాలో బిగించాడు.

కొంతసేపటికి వెలుగు మందగించింది. ఎవరూ నడవకుండానే గంట మోగసాగింది. "కరెంటు కాస్త పెంచరా" అన్నాను. వాడు పెంచాడు. వెలుగు పుంజుకుని, మళ్ళీ తగ్గి, చివరకు పూర్తిగా ఆరిపోయింది. పాపం, వాడికి కళ్ళ నీళ్ళు తిరిగాయి. డబ్బా తెరిచి రెసిస్టరును ముట్టుకుంటే నా వేలు చురుక్కుమన్నది.

లెక్క వేసి చూద్దాం. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి. లేజరుకు అందినది 2 × 0.03, అంటే 0.06 వాటు. రెసిస్టరులో వేడిగా మారినది 10 × 0.03, అంటే 0.3 వాటు. అయిదు రెట్లు! ఆ రెసిస్టరు 0.25 వాటుకు మించి తట్టుకోలేనిది. గాలి ఆడని డబ్బాలో ఆ వేడి లేజరుకూ సోకింది. ఇలాంటి లేజరు వేడెక్కితే అదే కరెంటుకు తక్కువ వెలుగు ఇస్తుంది. కరెంటు పెంచితే వేడి ఇంకా పెరుగుతుంది. నా సలహాయే దాని ప్రాణం తీసింది!

ఈ చిక్కు పెద్ద శాస్త్రజ్ఞులకూ తప్పలేదు. 1962లో అమెరికాలో రాబర్ట్ హాల్, ఆయన సహచరులు తొలి సెమీకండక్టరు లేజరును పనిచేయించినప్పుడు, దానిని ద్రవ నైట్రోజన్‌తో సున్నాకు దిగువ 196 డిగ్రీల దాకా చల్లబరిచి, క్షణకాలపు మెరుపులుగా మాత్రమే వెలిగించారు. మామూలు గదిలో ఎడతెగకుండా వెలిగే లేజరు 1970లో గాని రాలేదు.

మర్నాడు నేను వాడికి నా తప్పు చెప్పి, కొత్త లేజరు కొనిచ్చాను. ఈసారి మూడు టార్చి సెల్లులు వాడాం: 4.5 వోల్టులు. ఆపవలసినవి 2.5 వోల్టులే గనుక 82 ఓముల రెసిస్టరు సరిపోయింది. వేడి 0.075 వాటుకు, అంటే నాలుగో వంతుకు దిగింది. రెసిస్టరును డబ్బా బయట పెట్టి, లేజరును అల్యూమినియం రేకుకు బిగించాం. సాయంత్రం దాకా గంట తప్పు మోగలేదు.

పుట్టిన వేడిని తరమటం కంటే, అది పుట్టకుండా చూసుకోవటం మేలు.

ఒక్కమాట మరువకండి. లేజరు వెలుగు కంటిలో పడితే చూపు దెబ్బతినవచ్చు. ఇలాంటి పని మీ మాస్టారి ఎదుటనే చేయండి.