ఫోన్‌కి వాసన రాదు

మా నాన్న డాక్టరుతో మాట్లాడేది మేడ మీద, నీళ్ల ట్యాంకు పక్కన. సబ్బవరంలో మా ఇంటికి సిగ్నల్ సరిగ్గా అందేది అక్కడే. పైగా కింద మాట్లాడితే పక్కింటివాళ్లకి వినిపిస్తుందని భయం. పావుగంట వీడియో కాల్ అయ్యాక ఫోన్ నా చేతిలో పెట్టి, "ఈ వారం గడిసిపోనాదిరా" అంటాడు.

ఆ మాట వెనక పెద్ద కథే ఉంది. మీ ఇంట్లోనో, మీ ఫ్రెండ్ ఇంట్లోనో ఇలాంటిదే నడుస్తుండొచ్చు. అందుకే రాస్తున్నా.

మాల వేసుకున్న మూడో రోజు

నాన్న గాజువాక వైపు కాంట్రాక్టు పనికి వెళ్తాడు. సాయంత్రం బస్సు దిగి, వైన్ షాపు మీదుగా ఇంటికొస్తాడు. నా చిన్నప్పటి నుంచీ అంతే. ఏటా కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుంటే మాత్రం 41 రోజులు చుక్క ముట్టడు. "చూశారా, కావాలంటే మానీగలను" అనేవాడు. శబరిమల నుంచి వచ్చిన వారానికి మళ్లీ మామూలే.

2023లో లెక్క మారింది. అప్పటికే పొద్దున్నే టీ కంటే ముందు ఒక పెగ్గు పడితేనే చేతులు వణక్కుండా ఉండేవి. మేమెవరం పట్టించుకోలేదు. మాల వేసుకున్న రోజే మందు పూర్తిగా ఆపేశాడు. రెండో రోజు చెమటలు, వణుకు, నిద్ర లేదు. మూడో రోజు రాత్రి గోడ మీద పురుగులు పాకుతున్నాయంటూ చేత్తో కొట్టడం మొదలెట్టాడు. నన్ను చూసి ఎవరో అనుకుని భయపడ్డాడు. అమ్మ గాలి సోకిందంది. పక్కింటి పిన్ని నిమ్మకాయలు తెచ్చింది.

మమ్మల్ని కాపాడింది గురుస్వామి. వచ్చి చూసి, "శబరిమల వచ్చే ఏడాదైనా వెళ్లొచ్చు. ముందు ఆసుపత్రికి పదండి" అన్నారు.

డాక్టరు చెప్పాకే విషయం అర్థమైంది. ఏళ్ల తరబడి రోజూ తాగేవాళ్ల మెదడు మందుకి అలవాటుపడిపోతుంది. ఒక్కసారిగా ఆపేస్తే తిరగబడుతుంది. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావొచ్చు. రెండు మూడు రోజులకి మతి తప్పొచ్చు. వైద్యం అందకపోతే ప్రాణమే పోవచ్చు. ఈ దశలో వీడియో కాల్ పనికిరాదు. ఆసుపత్రి మంచం, మందులు, బి1 విటమిన్, కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి. ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి.

అసలు పని ఇంటికొచ్చాకే

వారం పైగా ఆసుపత్రిలో ఉండి నాన్న తేరుకున్నాడు. పంపించేటప్పుడు డాక్టరు అన్నారు, "ఒంట్లోంచి మందు పోయింది. తాగాలన్న కోరిక పోలేదు. నెలల తరబడి ఫాలోఅప్ ఉండాలి" అని.

చాలామంది జారిపోయేది ఇక్కడే. మా ఊరి నుంచి పెందుర్తి మీదుగా విశాఖ వెళ్లొస్తే ఒక రోజు కూలి పోయినట్టే. అంతకంటే పెద్ద అడ్డంకి పరువు. వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. మా ఊళ్లో దాన్ని పిలిచే పేరు వేరు. "నానేటి పిచ్చోడ్నా?" అన్నాడు నాన్న.

ఎయిమ్స్ నిపుణుల సర్వే నివేదిక 2019లో వచ్చింది. దాని ప్రకారం మద్యం వల్ల ఇబ్బందిపడుతూ సాయం అవసరమైనవాళ్లు దేశంలో సుమారు 5.7 కోట్ల మంది. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఏదో ఒక చికిత్స అందినట్టు చెప్పింది ఒక్కరే. మిగతా 37 మందిలో ఎంతమంది మా నాన్నలా కూలి పోతుందని, పరువు పోతుందని ఆగిపోయారో!

అందుకే ఫోన్. 2020 మార్చి 25న, దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజే, టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వచ్చాయి. వీడియోలో చూసి మందులు రాయడానికి పద్ధతి ఏర్పడింది. హద్దులూ ఉన్నాయి. మాదకద్రవ్యాల చట్టం కిందకొచ్చే మందులు ఇలా రాయకూడదు.

మాకు కుదిరిన ఏర్పాటు ఇది. వారానికోసారి కౌన్సెలర్, నెలకోసారి డాక్టర్. లివర్ పరీక్షలు సబ్బవరంలోనే ల్యాబులో చేయించి రిపోర్టు ఫొటో పంపాం. అది చూశాకే, తాగాలన్న కోరిక తగ్గించే నాల్‌ట్రెక్సోన్ బిళ్లలు రాశారు. బిళ్లది సగం పని, మిగతా సగం మాటలది. "ఏ టైంలో మనసు లాగుతుంది?" అని అడిగింది కౌన్సెలర్. సాయంత్రం ఆరున్నరకి, బస్సు దిగగానే. "అయితే ఒక స్టాపు ముందే దిగండి." అంతే! ఆ రోడ్డులో వైన్ షాపు లేదు. ఆకలి మీద ఉంటే ఇంకా లాగుతుందని అమ్మ డబ్బాలో ఉడికించిన శనగలు పెట్టేది.

మాటలతో ఏమవుతుందని నేనూ అనుకున్నా. గోవాలో సంగత్ అనే సంస్థ డాక్టర్లు కాని మామూలు మనుషులకి శిక్షణ ఇచ్చి, హాని కలిగే స్థాయిలో తాగే మగవాళ్లకి కౌన్సెలింగ్ చేయించింది. 2017లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. మూడు నెలలకి ఆ స్థాయి నుంచి బయటపడినవాళ్లు కౌన్సెలింగ్ అందినవాళ్లలో 36 శాతం, అందనివాళ్లలో 26 శాతం. మా నాన్నంత ముదిరినవాళ్లు అందులో లేరు. అయినా మాటకి బలముందని నమ్మకం కలిగింది.

మధ్యలో ఒక బంధువు, "చెప్పకుండా కూరలో కలిపేయండి" అని ఒక మాత్ర పేరు చెప్పింది. అది డైసల్ఫిరామ్. డాక్టరు గట్టిగా వద్దన్నారు. దాని మీద మందు తాగితే ఒళ్లు ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి ప్రాణం మీదకి రావొచ్చు. మనిషికి తెలిసి, ఒప్పుకుంటేనే వాడాలి. "తెలియకుండా మాన్పించే పొడి" అని యాడ్ కనిపిస్తే పైకి తోసేయండి.

కనుమ మర్నాడు

2024 సంక్రాంతికి చుట్టాలొచ్చారు. కనుమ మర్నాడు కాల్. "అంతా బాగానే ఉంది మేడమ్" అన్నాడు నాన్న. ఆవిడ సంతోషించి అభినందించింది. పక్కనే నిలబడ్డ నాకు గుప్పున కొట్టింది. ఫోన్‌కి వాసన రాదు కదా!

చెప్పేద్దామని నంబరు తీశాను. కానీ నాన్నకి తెలియకుండా నేను వాళ్లతో మాట్లాడనని మొదట్లోనే ఒప్పందం. అది తప్పితే మళ్లీ మేడ ఎక్కడు. రెండు రోజులు ఇద్దరం మాట్లాడుకోలేదు. మూడో రోజు తనే అడిగాడు.

"సెప్పీసావేటి?"

"లేదు. నువ్వే చెప్పు."

చెప్పాడు. ఆవిడ తిట్టలేదు. ఎక్కడ, ఎవరితో, ఎంత అని అడిగి రాసుకుంది. ఆ తర్వాత రెండు నెలలకోసారి నేరుగా వెళ్లి రక్త పరీక్ష చేయించుకోవాలన్నారు. ఫోన్ చూడలేనిది రక్తం చెప్తుంది. ఆ ఏడాది ఇంకోసారి జారాడు. అక్టోబరులో కొత్త షాపులొచ్చి 99 రూపాయలకే క్వార్టర్ దొరకడం మొదలైనప్పుడు మేం భయపడ్డాం. నాన్న ఒక స్టాపు ముందే దిగుతూ ఉండిపోయాడు.

మీ చేతిలో ఉన్నవి

టెలి మానస్ నంబరు 14416. 2022 అక్టోబరు 10న మొదలైంది. 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. మత్తు అలవాట్ల కోసం కేంద్రం హెల్ప్‌లైన్ 14446. ఈ-సంజీవనిలో ఇంటి నుంచే ప్రభుత్వ డాక్టరుని చూడొచ్చు. ఫిట్స్ వచ్చినా, మతి తప్పినట్టు మాట్లాడినా ఇవేవీ వద్దు, వెంటనే 108.

ఇంకోటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన 10 ప్రశ్నల ఆడిట్ పరీక్ష. 8 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే తాగుడు హాని చేసే దారిలో ఉన్నట్టు. 20 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే బానిసైనట్టు అనుమానించి డాక్టరుని కలవాలి. నాన్న కోసం డౌన్‌లోడ్ చేశాను. ఊరికే నేనూ రాశాను. శనివారం ఫ్రెండ్స్‌తో హైవే దాబా దగ్గర కూర్చోవడం తప్ప నాకేం అలవాటు లేదనుకునేవాణ్ణి.

11 వచ్చింది.

మేడ మీద నాన్నకి చూపించాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "నానూ శనారంతోనే మొదలెట్టాన్రా" అన్నాడు.

తర్వాతి కాల్‌లో నాక్కూడా 5 నిమిషాలు కావాలని అడిగాను.