నెత్తురుకొవ్వు - వంశక్రమము



పెండ్లిమాటలు వచ్చినప్పుడు మన పెద్దలు ఇరువైపుల వంశములను విచారింతురు. ఆస్తి, చదువు, మర్యాద అన్నియు నడుగుదురు. కాని "మీ యింట నెవరైన నలువది యేండ్లకే గుండెపోటుతో పోయిరా?" అని యడుగువారు మిక్కిలి యరుదు. అట్టి మరణము జరిగినను "వాని నుదుట నంతే వ్రాసియున్నది" అని కన్నీరు తుడుచుకొని యూరకుందుము. తండ్రి పోయిన వయసుననే కొడుకును పోయినప్పుడు గూడ మనకు సందేహము కలుగదు. ఆ సందేహమును కలిగించుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

కొలెస్టరాల్ అనునది మైనమువంటి యొక కొవ్వు. అది దేహమునకు కావలసినదే. దానిలో నధికభాగమును మన కాలేయమే తయారుచేయును. నెత్తురులో దానిని మోయు కణికలలో ఎల్.డి.ఎల్. అనునది ముఖ్యమైనది. బండిమీది సరకును వాకిట దింపుకొను కూలీలవలె, కాలేయకణములపై నుండు గ్రాహకములు ఈ కణికలను నెత్తురునుండి లోనికి తీసికొనును. కొందఱికి పుట్టుకతోనే యీ గ్రాహకములలో సగము పనిచేయవు. అప్పుడు కొవ్వు నెత్తురులోనే నిలిచి, గుండెకు నెత్తురు నందించు నాళముల గోడలకు ఏండ్లతరబడి పట్టుచు, తుదకు దారిని మూసివేయును. ఈ రహస్యమును కనిపెట్టిన అమెరికా శాస్త్రజ్ఞులు బ్రౌన్, గోల్డ్‌స్టైన్ అను వారికి 1985లో నోబెల్ బహుమానము లభించినది.

ఇంటిపేరు తండ్రివలననే వచ్చును గాని, యీ జబ్బు తల్లివలనను రావచ్చును. తల్లిదండ్రులలో నొకరికున్నచో ప్రతిబిడ్డకును సగముపాలు భయము కలదు. ఆడుబిడ్డ అత్తవారింటికి పోయి, తన సంతానమునకు దానిని తెలియకయే యీయవచ్చును. లోకములో నించుమించు 250 మందిలో నొకరికి ఇది యున్నదని వైద్యుల యంచనా. ఆ లెక్కను జల్‌పల్లి చెరువు చుట్టుపట్ల వాడలకు వర్తింపజేసినచో, వేయిమందిలో నలుగురైన నుందురు. వారిలో ననేకులకు తమ సంగతి తమకే తెలియదు. ఏలయన కొవ్వు నొప్పి పెట్టదు.

మనలో మేనరికములు కలవు. పాతబస్తీ ముస్లిము కుటుంబములలోను దగ్గఱి చుట్టములకు పిల్లనిచ్చు వాడుక కలదు. ఒకే వంశమువారగుటచే దంపతులిరువురును ఈ దోషమును మోయుచున్నచో, ప్రతి కాన్పులోను నాలుగింట నొకపాలు బిడ్డకు రెండువైపులనుండియు నది సంక్రమించును. అట్టి బిడ్డలకు చిన్ననాటనే చర్మముపై పసుపుపచ్చని కొవ్వుగడ్డలు లేచును. వైద్యము లేనిచో ఇరువదియేండ్లలోపలనే గుండెపోటు రావచ్చును. టెక్సాసు రాష్ట్రపు బాలిక స్టార్మీ జోన్స్ ఇట్టిదే. 1984 ఫిబ్రవరి 14న పిట్స్‌బర్గులో నామెకు గుండెను కాలేయమును ఒక్కసారిగా మార్చిరి. అప్పటికామెకు ఆరేండ్లు. క్రొత్త కాలేయము వచ్చినపిదప కొవ్వు చాల తగ్గినది. అయినను ఆ బిడ్డ 1990లో, పదుమూడవ యేట మరణించినది.

గుర్తులేవియనగా: మడమ వెనుకనరము లావగుట, వ్రేళ్ల కణుపులపైనను మోచేతులపైనను గడ్డలు, కనురెప్పలమీద పసుపుపచ్చని మచ్చలు, నలువదియైదేండ్లకు ముందే కంటి నల్లగ్రుడ్డు చుట్టు తెల్లని వలయము. కాని యివి లేనంతమాత్రమున ధైర్యపడరాదు. అనేకులకు ఏ గుర్తును కనబడదు. నెత్తురు పరీక్షయే దారి. పెద్దవారిలో ఎల్.డి.ఎల్. డెసిలీటరునకు 190 మిల్లీగ్రాములు గాని యంతకుమించి గాని యున్నచో వైద్యుడు ఈ జబ్బును అనుమానించును. థైరాయిడు లోపమువంటి యితర కారణములను గూడ విచారించును. గర్భిణులకు కొవ్వు సహజముగనే పెరుగును గనుక, ప్రసవమైన కొన్నాళ్లకు పరీక్షించుకొనుట మేలు.

ఇంట నొకరికి జబ్బు తేలినచో తల్లిదండ్రులను, తోబుట్టువులను, బిడ్డలను వరుసగా పరీక్షింపవలెను. స్లొవేనియా దేశమున 1995 నుండి అయిదేండ్ల పిల్లలకు ఈ పరీక్ష చేయుట కారంభించిరి. మన నగరములో 2018 నుండి వెలసిన బస్తీ దవాఖానాలలో నెత్తురు తీసి ఉచితముగా పరీక్షింపించు ఏర్పాటు కలదు. ఉస్మానియా ఆసుపత్రియు, పంజాగుట్టలోని నిమ్సును పెద్దవైద్యమునకు ఉన్నవి.

"మా పిల్లవాడు పుల్లవలె నున్నాడు, మే మావునేతిని ముట్టము" అని కొందఱందురు. సన్ననివారికిని, శాకాహారులకును గూడ ఇది వచ్చును. పత్యము మంచిదే కాని, ఈ జబ్బునకు పత్య మొక్కటే చాలదు. స్టాటిన్ మందులు సాధారణముగా ఎనిమిది, పదియేండ్ల వయసునుండియే వైద్యుని యాజ్ఞపై మొదలుపెట్టుదురు. గర్భము కోరు స్త్రీలు మాత్రము ముందుగా వైద్యునితో చెప్పవలెను. చిన్ననాటనుండి ఈ మందు పుచ్చుకొన్నవారిని నెదర్లాండ్సులో ఇరువదియేండ్లు గమనించి, 2019లో ఫలితమును ప్రకటించిరి. 39 ఏండ్లు వచ్చుసరికి వారిలో గుండెజబ్బు పాలైనవారు నూటికి ఒక్కరు. అదే వయసునాటికి, ఆ మందు ఆలస్యముగా లభించిన వారి తల్లిదండ్రులలో నూటికి 26 మంది.

"పిల్లకు జబ్బున్నదని తెలిసినచో పెండ్లి యెట్లగును?" అను భయమున కొందఱు తల్లులు పరీక్షయే వలదందురు. ఆ భయమును నేను పరిహసింపను. కాని దాచిన జబ్బు అత్తవారింటనైనను బయటపడకమానదు. అప్పటికి ఒడిలో బిడ్డ యుండవచ్చును. మందు పుచ్చుకొను పిల్ల చదువుకొనవచ్చును, కాపురము చేయవచ్చును, మనుమలను చూడవచ్చును.

కావున సోదరీ, ఈ రాత్రి వంటిల్లు సర్దుకొన్నపిమ్మట ఒక కాగితము తీసికొనుము. పుట్టింట, అత్తింట మూడుతరములవారి పేర్లు వ్రాయుము. పురుషులలో 55 ఏండ్లలోపున, స్త్రీలలో 65 ఏండ్లలోపున గుండెజబ్బు వచ్చినవారి పేరుప్రక్క గుర్తు పెట్టుము. నీకు తెలియనిచో అత్తగారిని, నాయనమ్మను అడుగుము. ఆ జ్ఞాపకములు ఇండ్లలో స్త్రీలకడనే యుండును. ఒక్క గుర్తు పడినను, ఆ కాగితమును వైద్యునికి చూపుము. ఇంటిల్లిపాదికిని చూచుకొని తనను మఱచుట మన కలవాటు. ఆ పరీక్షకు నీవును చేయి చాపుము.