పరిపూర్ణ మానవుడు: కొలత యెవ్వరిది?

లోపము లేని మనుష్యుని నిర్మింపవలెనను కోరిక మిక్కిలి పురాతనమైనది. గాంధారి గర్భపిండమును వ్యాసుడు నూటొక్క ఖండములు చేసి నేతికుండలలో నుంచి పెంపించెనని మన భారతము చెప్పుచున్నది. ఆ కోరికకు శాస్త్రరూపము నిచ్చి, దాని పర్యవసాన మేమగునని ప్రశ్నించినవి పాశ్చాత్యుల విజ్ఞాన కల్పనా గ్రంథములు. నిజామాబాదు, బోధను ప్రాంతముల వారికి ఈ ప్రశ్న దూరమైనది కాదు. ఒక ప్రయోజనమునకై జీవిని తీర్చిదిద్దుట యనగా నేమో వారి పొలములలోని చెరకే తెలుపగలదు.

మంజీరపై 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన నిజాంసాగరము నీటివలన ఈ సీమ చెరకుసీమ అయ్యెను. 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారము వెలసెను. దాని చెంత శక్కర్‌నగరము పెరిగెను. కర్మాగారమునకు కావలసిన చెరకు రసము తీయగ నుండవలెను, దిగుబడి మెండుగ నుండవలెను, తెగుళ్లకు లొంగరాదు. ఇట్టి గుణములకై 1912లో కోయంబత్తూరున నెలకొన్న చెరకు పరిశోధన కేంద్రమున సి. ఎ. బార్బరు, టి. ఎస్. వెంకటరామన్ గార్లు కృషి చేసిరి. తీయని చెరకును రెల్లుతో సంకరము చేయగా 1918లో కో. 205 అను రకము వచ్చెను. దక్షిణాపథమున ప్రఖ్యాతి గాంచిన కో. 419 ఆ కేంద్రమున తరువాత రూపొందినదే. ఏటిగట్టున ఎవ్వరు నాటకయే పెరుగు రెల్లులో తీపి లేదు. అయినను మేలుజాతి చెరకునకు దార్ఢ్యము నిచ్చినది ఆ గడ్డియే.

చెరకు శ్రేష్ఠతను గానుగ నిర్ణయించును. మనుష్యుని శ్రేష్ఠతను నిర్ణయించు గానుగ యేది?

1923లో ఆంగ్ల జీవశాస్త్రజ్ఞుడు జె. బి. ఎస్. హాల్డేను కేంబ్రిడ్జిలో ‘డేడలస్’ అను ప్రసంగము చేసి, శిశువులు మాతృగర్భమునకు వెలుపల పెరుగు కాలము వచ్చునని ఊహించెను. ఈయన 1957లో మన దేశమునకు వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వరమున మరణించెను. పిఠాపురమున జన్మించిన ద్రోణంరాజు కృష్ణగారు ఆయన శిష్యులు.

అట్టి ఊహనే ఆల్డస్ హక్స్‌లీ 1932లో ‘బ్రేవ్ న్యూ వరల్డ్’ నవలలో భయంకరముగ చిత్రించెను. అందు శిశువులు సీసాలలో పెరుగుదురు. ఆల్ఫాలు మేధావులు, ఎప్సిలానులు కూలిపనివారు. ఎప్సిలాను పిండమునకు ప్రాణవాయువు తగ్గించి, బుద్ధి మందగించునట్లు చేయుదురు. వానికి అసంతృప్తి లేదు. తన పని మట్టుకు వాడు పరిపూర్ణుడే!

ఆ నవలలోనే మరొక ప్రయోగము కలదు. సైప్రసు ద్వీపమున 22,000 మంది ఆల్ఫాలను మాత్రమే నివసింపజేసిరి. తక్కువ పని చేయుటకు ఎవ్వరును మనస్ఫూర్తిగ నొప్పుకొనరైరి. ఆరేండ్లలోపల అంతర్యుద్ధము పుట్టి 19,000 మంది హతులైరి. చెరకు కొట్టువారు లేనిచో ఎంత గొప్ప కర్మాగారమైనను ఎన్నినాళ్లాడును?

ఇవి కేవలము కట్టుకథలని త్రోసిపుచ్చరాదు. ‘అయోగ్యుల’కు సంతానము కలుగకుండ బలవంతముగ శస్త్రచికిత్స చేయు శాసనమును 1927లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము సమర్థించెను, 1933లో జర్మనీ అట్టి శాసనమునే చేసెను. జాతిశుద్ధి వాదములను హాల్డేను 1938 నాటి గ్రంథమున విమర్శించెను. 2018లో జన్యువులను సవరించిన కవల శిశువులు చైనాలో జన్మించినట్లు వెల్లడి కాగా, ఆ ప్రయోగము చేసిన శాస్త్రజ్ఞునికి మరుసటి యేడు కారాగార శిక్ష పడెను. రోగమును మాన్పుట వేరు, మనుష్యుని ఒక కొలతకు కుదించుట వేరు. ఈ రెంటికి నడుమనున్న గీతను ఎచ్చట గీయవలెనో నిర్ణయించు భారము శాస్త్రజ్ఞులది మాత్రమే కాదు, బిడ్డలను కనిపెంచు గృహస్థులందరిదియు.

2015 డిసెంబరులో బోధను కర్మాగారము మూతపడెను. కర్మాగారమునకై తీర్చిదిద్దిన చెరకు తనంతట తాను మరొకటి కాజాలదు. దానిని పండించిన రైతులో, కష్టనష్టముల కోర్చి, పెక్కురు వరిసాగునకు మరలిరి. వారు ఒక్క పనికై నిర్మితులైనవారు కారు గనుకనే ఆ పని పోయినను నిలువగలిగిరి. హక్స్‌లీ ఎప్సిలానునకు ఆ దారి యుండెడిది కాదు. మనుష్యునియందు అసంపూర్ణత యని మనము చింతించుదానిలో ఆ శక్తియు ఇమిడియున్నది. దానిని తీసివేసినచో మిగులునది పరిపూర్ణుడు కాడు, పనిముట్టు.