బండిలో బ్యాటరీ, బ్యాటరీతో టెలివిజను

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నమువద్ద తీరము దాటినపుడును, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళము జిల్లాపై విరుచుకుపడినపుడును విద్యుత్ స్తంభములు వేలకొలది నేలకూలినవి. అనేక గ్రామములు దినముల తరబడి చీకటిలో నుండెను. వార్తల అవసరము మిక్కుటముగా నుండునది అట్టి సమయముననే. వాన మరల వచ్చునా, ఏ దారి తెగినది, సహాయశిబిరము ఎచ్చట నున్నది అను ప్రశ్నలకు ప్రజలు పంచాయతీ సభ్యుల ముఖమే చూతురు. విద్యుత్తు లేనిచో ఇంటింట టెలివిజను ఉన్నను మూగదే. సెల్‌ఫోను టవరు కూడ తన బ్యాటరీ అయిపోయినంతనే మూగబోవును.

రేడియో చాలదా అని కొందరడుగవచ్చును. రెండు చిన్న సెల్లులతో దినముల కొలది పలుకు రేడియో ప్రతి పంచాయతీ కార్యాలయమున ఉండితీరవలెనని మా అభిప్రాయము. అయినను తుపాను కదలికను పటముపై చూపినపుడు కలుగు అవగాహన వేరు. చెవులు వినబడనివారికి బొమ్మయే ఆధారము. కావున పంచాయతీ వాహనమునందు బ్యాటరీతో టెలివిజను నడుపు విధానమును ఇచ్చట వివరించుచున్నాము.

విదేశములందు, ముఖ్యముగా ఐరోపాలోను ఆస్ట్రేలియాలోను, పడకలు, పొయ్యి అమర్చిన వ్యానులలో కుటుంబములు సంచారము చేయుట వాడుక. వానిని క్యాంపర్ వ్యానులందురు. సముద్రతీరముననో అడవి అంచుననో బండి నిలిపి, ఇంజను ఆపి, రాత్రివేళ టెలివిజను చూచుటకు వారు అనుసరించు పద్ధతి మనకును పనికివచ్చును. అందలి కీలకమొక్కటే: ఇంజనుకు ఒక బ్యాటరీ, తక్కిన అవసరములకు వేరొక బ్యాటరీ.

ఈ భేదమును సభ్యులు చక్కగా గ్రహింపవలెను. వ్యానునకు, ట్రాక్టరునకు ఉండు మామూలు బ్యాటరీలో సీసపు పలకలు పలుచగా, సంఖ్యలో ఎక్కువగా నుండును. సెల్ఫ్ కొట్టినపుడు కొలది క్షణములు వందలాది ఆంపియర్ల విద్యుత్తు నిచ్చుట దాని పని. పిదప ఇంజను తిరుగుచుండగా ఆల్టర్నేటరు దానిని మరల నింపును. దానినుండి గంటల తరబడి కొద్దికొద్దిగా విద్యుత్తు లాగి పూర్తిగా దింపినచో పలకలు త్వరగా చెడును. ఇండ్లలో ఇన్వర్టర్లకు వాడు ట్యూబులర్ బ్యాటరీ అట్లు కాదు. దాని పలకలు దళసరివి. నిదానముగా విడుదల చేయుటకై నిర్మింపబడినది.

ఒక గ్రామమున మేము చూచిన సంగతి చెప్పెదము. అచ్చటికి వచ్చిన ఒక వ్యానులో దాని సొంత బ్యాటరీతోనే పెద్ద తెర, మైకు పెట్టి రెండున్నర గంటల చిత్రము చూపిరి. చిత్రము చక్కగా ముగిసినది; బండి మాత్రము కదలలేదు. ప్రేక్షకులే దానిని పొలిమేరదాక తోసి సాగనంపిరి. ఆనాడది నవ్వులతో పోయినది. ఆ రాత్రి నొప్పులు పడుచున్న తల్లి నొకతెను అదే వ్యానులో ఆసుపత్రికి చేర్పవలసి వచ్చినయెడల ఎవరు నవ్వియుందురు?

ఇక లెక్క చూతము. 32 అంగుళముల ఎల్.ఇ.డి. టెలివిజనుకు సుమారు 50 వాట్లు, సెట్‌టాప్ బాక్సునకు సుమారు 10 వాట్లు కావలెను. బ్యాటరీలోని 12 వోల్టులను 230 వోల్టులుగా మార్చు ఇన్వర్టరులో కొంత వృథా యగును గనుక మొత్తము 70 వాట్లని లెక్కింపవలెను. 12 వోల్టుల, 100 ఆంపియర్-గంటల బ్యాటరీలో 1200 వాట్-గంటల శక్తి యుండును. సీసపు బ్యాటరీలో సగమునకు మించి వాడకుండుట దాని ఆయుర్దాయమునకు మంచిది. అనగా 600 వాట్-గంటలు. దీనిని 70చే భాగించిన ఎనిమిదిన్నర గంటలు వచ్చును. దినమునకు మూడు గంటల చొప్పున దాదాపు మూడు సాయంకాలములు గడచును. కొన్ని చిన్న టెలివిజనులు 12 వోల్టులతోనే నడచును. వానికి ఇన్వర్టరు అక్కరలేదు. కాని ఇంజను తిరుగునపుడు బండిలో 14 వోల్టులు దాటును గనుక, పెట్టె వెనుక వ్రాసిన హద్దులను చదువనిదే నేరుగా తగిలింపరాదు.

12 వోల్టుల తీగ చిన్నదిగదా యని తేలికగా చూడరాదు. వోల్టులు తగ్గినకొలది అదే పనికి ఆంపియర్లు పెరుగును. 70 వాట్లకు 230 వోల్టులవద్ద మూడవవంతు ఆంపియరు కూడ లేదు. 12 వోల్టులవద్ద ఆరు ఆంపియర్లు కావలెను. బ్యాటరీకి ఐదు మీటర్ల దూరమున ఇన్వర్టరు నుంచి 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వాడినచో దారిలోనే సుమారు 0.7 వోల్టు తరుగును. 4 చదరపు మిల్లీమీటర్ల రాగితీగతో ఆ నష్టము పావు వోల్టే. బ్యాటరీ ధన ధ్రువమునకు దగ్గరగా 15 ఆంపియర్ల ఫ్యూజు విధిగా నుండవలెను. తీగ ఒరసికొని ఇనుమునకు తగిలిన క్షణమున బండి తగులబడకుండ కాపాడునది ఆ ఫ్యూజే. దాని స్థానమున తీగముక్క చుట్టు అలవాటును ఎవరును క్షమింపరాదు.

రెండవ బ్యాటరీని నింపుటకు రెండు మార్గములు కలవు. ఇంజను తిరుగునపుడు మాత్రమే రెండు బ్యాటరీలను కలిపి, ఆగినంతనే విడదీయు రిలేను మెకానిక్కుచే పెట్టించుట ఒకటి. బండి కప్పుపై సౌర ఫలకము అమర్చుట రెండవది. 100 వాట్ల ఫలకము ఎండ బాగుగనున్న దినమున సుమారు 400 వాట్-గంటల నిచ్చును. మబ్బు పట్టిన తుపాను దినములలో అంత రాదు. రెండును ఉన్నచో నిశ్చింత.

బొమ్మ వచ్చుటకు డిష్ కావలెను. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు జరిగిన ఉపగ్రహ టెలివిజను ప్రయోగములో మన గ్రామములు కొన్ని మూడు మీటర్ల వలడిష్‌తో కార్యక్రమములు చూచినవి. ఇప్పుడు ప్రసారభారతివారి డి.డి. ఫ్రీ డిష్‌కు చిన్న డిష్ చాలును. నెలసరి రుసుము లేదు. సప్తగిరి, యాదగిరి ప్రసారములు దానిలో వచ్చును. జోరువానలో బొమ్మ చెదరుట సహజము. వాన సన్నగిల్లినంతనే మరల వచ్చును.

సీసపు బ్యాటరీ నిండునపుడు ఉదజని వాయువు వెలువడును. అది నిప్పు తగిలినచో ప్రేలును. కావున బ్యాటరీని గాలి ఆడునట్టి పెట్టెలో, కదలకుండ కట్టి యుంచవలెను. దగ్గర బీడీ వెలిగింపనీయరాదు. నీరు తగ్గినపుడు డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయవలెను, ఆమ్లము కాదు.

కార్తికమాసపు తుపానులకు ముందే, సెప్టెంబరులో ఒక సాయంకాలము, ఇంజను ఆపి మూడు గంటలు టెలివిజను నడిపి చూడవలెను. అన్నియు కట్టివేసి కొంతసేపు ఆగిన పిదప కొలిచినచో నిండు బ్యాటరీ 12.7 వోల్టులు, సగము దిగినది 12.2 వోల్టులు చూపును. మూడు గంటలకే 12.2కు దిగినచో బ్యాటరీ ముసలిదైనట్లే. నడుపకముందును, నడిపిన తరువాతను వచ్చిన అంకెలను తేదీతో పంచాయతీ పుస్తకమున వ్రాయించి, బండి తాళముతోపాటు ఆ బాధ్యతను ఒక్కరికే అప్పగింపవలెను.