నాన్నగారి ల్యాప్‌టాప్‌లో పిలవని చుట్టాలు

కొత్త కంప్యూటర్ కొంటే దానితోపాటు పిలవని చుట్టాలు కూడా కొందరు దిగుతారు. నెలరోజులు ఉచితంగా కాపలా కాస్తానంటూ ఒక యాంటీవైరస్, వాడి చూసి కొనుక్కోమంటూ ఒక ఆఫీస్ ప్యాకేజీ, మనం ఎప్పుడూ ఆడని రెండు ఆటలు. ఇవే ట్రయల్ సాఫ్ట్‌వేర్లు. గడువు తీరినా ఇల్లు వదలరు. పైగా "కొంటారా లేదా" అని రోజూ తలుపు కొడుతుంటారు.

2025 సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు నాన్నగారి ల్యాప్‌టాప్ తెరిచాను. 2017లో కొన్నది, విండోస్ 10. డెస్క్‌టాప్ కనబడేలోగా నేను కాఫీ తాగడం పూర్తయింది. వెంటనే ఎర్రటి పెట్టె ఒకటి వచ్చింది: మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది!

"రోజూ ఇంతేరా. నేనేదో తప్పు నొక్కుతున్నానేమోనని భయం. డబ్బు కట్టేద్దామనుకుంటున్నా" అన్నారు నాన్నగారు.

పగలంతా సర్వర్లతో కుస్తీపట్టే కొడుకు ఉండి కూడా, ఆయన ఏళ్ళ తరబడి ఒక ప్రకటనకి భయపడుతూ బతికారన్నమాట. సిగ్గేసింది. ఆ సాయంత్రమే పనిలోకి దిగాను. మీకూ పనికొస్తుందని ఆ వరుస ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఫోటోలు, ఫైళ్ళు బయటి డ్రైవ్‌లోకి కాపీ చెయ్యండి. తర్వాత రిస్టోర్ పాయింట్ పెట్టుకోండి. స్టార్ట్ మెనూలో "క్రియేట్ ఎ రిస్టోర్ పాయింట్" అని వెతికితే సిస్టమ్ ప్రొటెక్షన్ వస్తుంది. విండోస్ 10లో చాలాచోట్ల ఇది ఆఫ్‌లో ఉంటుంది. సి డ్రైవ్‌కి ఆన్ చేసి, క్రియేట్ నొక్కండి.

ఇప్పుడు సెట్టింగ్స్‌లో యాప్స్ జాబితాను ఇన్‌స్టాల్ అయిన తేదీ ప్రకారం పేర్చండి. కంప్యూటర్ కొన్ననాటి తేదీతో ఉన్నవి చాలావరకు కంపెనీ పంపిన చుట్టాలే. ఒక్కొక్కటిగా తీసి, అడిగినప్పుడు రీస్టార్ట్ చెయ్యండి.

యాంటీవైరస్ మాత్రం మొండిది. అన్‌ఇన్‌స్టాల్ చేసినా డ్రైవర్లు, సర్వీసులు మిగిలిపోవచ్చు. అందుకే పేరున్న తయారీదారులు తమ సైట్‌లోనే విడిగా ఒక రిమూవల్ టూల్ ఇస్తారు. దాన్ని అక్కడినుంచి మాత్రమే తెచ్చుకోండి. వేరే యాంటీవైరస్ కాపలాలో ఉన్నంతకాలం విండోస్ తన సొంత డిఫెండర్‌ను పక్కన కూర్చోబెడుతుంది. కాబట్టి పని అయ్యాక విండోస్ సెక్యూరిటీ తెరిచి, డిఫెండర్ మళ్ళీ బాధ్యత తీసుకుందో లేదో చూడండి.

ఆపైన కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ చూడండి. అక్కడ డిసేబుల్ చేస్తే చాలు, కావాలంటే మళ్ళీ ఆన్ చేసుకోవచ్చు. బ్రౌజర్ హోమ్ పేజీ, సెర్చ్ మారిపోయి ఉంటే క్రోమ్‌లో రీసెట్ సెట్టింగ్స్ ఉంది. బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు పోవు. ఎక్స్‌టెన్షన్లు మాత్రం ఆగిపోతాయి. రిజిస్ట్రీ క్లీనర్ల జోలికి వెళ్ళకండి, అవి మరో రకం చుట్టాలు.

రాత్రి పదకొండుకి అంతా అయింది. ల్యాప్‌టాప్ ఒక్క నిముషంలో లేస్తోంది. గర్వంగా నిద్రపోయాను.

పొద్దున్నే నాన్నగారు పిలిచారు. "ఒరేయ్, తెలుగు రావడం లేదు."

జాబితాలో ఎప్పుడూ వినని పేరు ఒకటి కనబడితే, ట్రయల్ సరుకే అనుకుని తీసేశాను. అది ఆయన తెలుగు కీబోర్డ్ ప్రోగ్రామ్! రెండేళ్ళుగా దానితోనే మా ఊరి జ్ఞాపకాలు టైప్ చేస్తున్నారట. నాకు తెలియనే తెలియదు. విండోస్‌లో తెలుగు కీబోర్డ్ ఉంది కదా, అది పెడతానన్నాను. "ఈ వయసులో వేళ్ళకి మళ్ళీ ఓనమాలు దిద్దించమంటావా?" అన్నారు.

అప్పుడు ఆదుకున్నది ఆ రిస్టోర్ పాయింటే. సిస్టమ్ రిస్టోర్ ప్రోగ్రాములను, రిజిస్ట్రీని, సెట్టింగ్‌లను వెనక్కి తీసుకెళుతుంది. మన డాక్యుమెంట్లను ముట్టుకోదు. అరగంటలో కీబోర్డ్ తిరిగొచ్చింది. దానితోపాటు నేను తీసేసిన చుట్టాలందరూ తిరిగొచ్చారనుకోండి! మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కొక్క పేరూ చదివి, "ఇది మీదేనా?" అని అడిగి మరీ తీశాను. నాలుగైదు తీశాక ఒక కొత్త రిస్టోర్ పాయింట్.

"ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే పోలేదా?" అని మీరు అడగవచ్చు. కంపెనీ ఇచ్చిన రికవరీతో చేస్తే ఫ్యాక్టరీనాటి చుట్టాలు కూడా దిగుతారు, ఆయన కీబోర్డ్ మాత్రం రాదు.

ఒక్క హెచ్చరిక. ఎంత శుభ్రం చేసినా పాతది పాతదే. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. నాన్నగారి ల్యాప్‌టాప్‌ను అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల పథకంలో నమోదు చేసి ఉంచాను. అది శాశ్వతం కాదు, ఈలోగా కొత్తది చూడాలి. ఈసారి పెట్టె విప్పేటప్పుడే వీడియో కాల్‌లో పక్కన ఉంటానని మాటిచ్చాను.

తిరిగొచ్చిన వారానికి ఫోన్‌లో అన్నారు: "ఇప్పుడు ఆ ఎర్రపెట్టె నన్నేమీ అనడం లేదురా. ఇంకో అధ్యాయం అయింది, పంపనా?"

పంపమన్నాను.